పట్టీలో లేని గోడ

శుభలేఖతో పాటు చూడదగ్గ చోట్ల పట్టీ కూడా పంపిన వియ్యంకుణ్ణి నేను ఈ మధ్యే మొదటిసారి చూశాను. మా చెల్లెలు మార్తమ్మ కూతురు సునీత బెంగళూరులో నర్సు. అక్కడే ల్యాబులో పనిచేసే ప్రవీణ్ అనే అబ్బాయితో దాని పెళ్ళి కుదిరింది. అబ్బాయి తండ్రి శాంసన్ గారు రిటైరైన టీచరు. రెండు తరాల కింద చిత్తూరు వైపు నుంచి వెళ్ళి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. 'దూరం నుంచి వచ్చే బంధువుల సౌకర్యార్థం' అని పైన రాసి, కింద ఆరు చోట్ల పేర్లు, ఏది ఏ పూట చూడాలి, ఎక్కడ మెట్రో దిగాలి, అన్నీ టైపు చేయించి ప్రతి కవరులో పెట్టారు. నేను తార్లుపాడు, మార్కాపురం, గిద్దలూరు రూట్లలో బస్సు కండక్టరుగా జుట్టు నెరిసినవాణ్ణి. స్టేజీల పట్టీ లాంటిది చేతికి దొరికితే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదవకుండా ఉండలేను.

మార్తమ్మకు చదువు రాదు. నా చేత గట్టిగా చదివించుకుంది. లాల్‌బాగ్, విధాన సౌధ, కబ్బన్ పార్కు, రాజుగారి ప్యాలెస్, టిప్పు సుల్తాన్ వేసవి మహలు, పాత పూల మార్కెట్టు. అంతా విని, "మీ బావ గోడ లేదా అందులో?" అని అడిగింది.

ఆ గోడ సంగతి చెప్పకపోతే ఈ ప్రయాణం ఎవరికీ అర్థం కాదు. మార్తమ్మ భర్త, మా బావ ఏసోబు చిన్నప్పటి నుంచి మార్కాపురం పలకల పనిలోనే బతికాడు. మొదట బడి పలకలు నున్నగా అరగదీసే పని. పలకలు అమ్ముడుపోవడం తగ్గిపోయాక, గోడలకు అతికించే రంగు పలకల రాళ్ళు పట్నాలకు పోవడం మొదలైంది. ఒక మేస్త్రీతో కలిసి బెంగళూరు వెళ్ళి, నాలుగు నెలలుండి, ఒక హోటలు ముందరి గోడ మొత్తం ఆకుపచ్చ రాయి పరిచి వచ్చాడు. తాను పనిచేసిన ప్రతి గోడలోనూ, చేతికి అందే ఎత్తులో, బడి పలకంత ముక్క ఒకటి నున్నగా అరగదీసి పెట్టేవాడు. చుట్టూ గరుకు రాళ్ళు, మధ్యలో ఆ ఒక్క నున్నటి పలక. సంతకం చేయడం రానివాడు. అదే ఆయన గుర్తు.

చదవడం కూడా రాదు. కానీ సునీత ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, విరిగిన పలకల మీద తన పేరు రాసి నాయన ముందు పెట్టేది. ఆ మూడక్షరాలు మాత్రం ఎక్కడ కనిపించినా గుర్తుపట్టేవాడు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరి తొమ్మిదేళ్ళ కింద పోయాడు. పోయే ముందు మార్తమ్మతో, "పిల్ల పెండ్లికి నేనుండను. నా గోడ కాడ నిలబెట్టి ఒక ఫోటో తీపిచ్చు" అన్నాడు. పెళ్ళి ఆ ఊళ్ళోనే జరుగుతుందని అప్పుడు ఎవరికి తెలుసు? కుదిరాక మార్తమ్మ దాన్ని దేవుడి ఏర్పాటుగానే తీసుకుంది. తండ్రి లేని పెళ్ళిలో తండ్రి అనడానికి ఆ గోడ ఒక్కటే ఉందని దాని మనసులో గట్టిగా పడిపోయింది.

బుధవారం ఉదయం ఎనిమిదికి సమాధుల దొడ్డికి వెళ్ళాం. పెళ్ళికి బయలుదేరే ముందు పోయినవాళ్ళ సమాధి కడిగి, తొలి శుభలేఖ అక్కడ పెట్టి, ప్రార్థన చేసుకోవడం మా ఇళ్ళల్లో అలవాటు. పాస్టరు గారు ప్రార్థన ముగించాక మార్తమ్మ శుభలేఖ మీద ఆ పట్టీ కూడా పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచింది. పట్టీ ఎందుకమ్మా అన్నాను.

"ఆయప్ప గూడా పెండ్లికొచ్చే చుట్టమే గదన్నా" అంది.

 తడి కళ్ళు కనిపించకుండా గడియారం చూసుకుంటున్నట్టు నటించాను.

పద్నాలుగు మందిమి. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రాత్రి బండి ఎక్కాం. నేను పాత అలవాటుకొద్దీ తలకాయలు రెండుసార్లు లెక్కపెట్టాను. ఎక్కే ముందే పులిహోర, చపాతీలు ప్లాట్‌ఫారం మీద తినేశాం కాబట్టి ఎక్కగానే పడుకున్నాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నా సలహా: పెద్దవాళ్ళకు కింది బెర్తులు ముందే చూసి తీసుకోండి, ఎక్కాక బతిమాలితే ఎవరూ ఇవ్వరు. నేను బతిమాలి చూశాను.

తెల్లవారి ధర్మవరం దాటాక ఎదుటి సీట్లో కనిగిరి దగ్గరి భార్యాభర్తలు పలకరించారు. సెంట్రింగు పనికి పోతున్నారట.

"యాడికి పెదనాయనా, అందరూ కొత్త బట్టల్లో ఉండారు?" అన్నాడతను.

"పెండ్లికి. ఊరు గూడా చూసొద్దామని."

"మంచిగ చూడండి. మేం కట్టే బిల్డింగు గూడా చూడండి, ఇరవై అంతస్తులు. బయటి నుంచే చూడాల. కట్టినాక మమ్మల్నే లోపలికి రానీరు."

భార్య నవ్వింది. మార్తమ్మ నవ్వలేదు. కొంగు ముడి విప్పి బలపం ముక్క తీసి నోట్లో వేసుకుంది. సునీత కడుపులో ఉన్నప్పుడు మొదలైన అలవాటు, ఇరవై అయిదేళ్ళయినా పోలేదు. "వియ్యాలవారి ముందు ఇట్ల బలపాలు నమలబాక, పరువు పోతది" అని కసిరాను. వినిపించుకోలేదు.

పదకొండుకు రావలసిన బండి పదకొండు నలభైకి చేరింది. శాంసన్ గారు స్వయంగా స్టేషన్‌కు వచ్చారు. చర్చి దగ్గర గెస్ట్‌హౌస్‌లో నాలుగు గదులు తీసి ఉంచారు. శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు మాత్రం ఏడు దాకానే. భోజనం పక్క హోటల్లో. అక్కడ సాంబారులో బెల్లం వేస్తారు. మా వాళ్ళు మొదటి ముద్దకే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెళ్ళేవాళ్ళు ఇంటి నుంచి కారంపొడి పట్టుకుపోవాలి. ఇది పట్టీలో లేదు గానీ ఉండవలసింది.

మూడున్నరకు లాల్‌బాగ్ వెళ్ళాం. లోపలికి టికెట్టు ఉంది, నడక చాలా ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అద్దాల మంటపం దాకా పోయి బెంచీ మీద కూర్చుంటే చాలు. మేం పెద్ద బండ దాకా పోయాం. ఎప్పటిదో తెలియనంత పాత బండ అని చెప్పారు. పిల్లలు దాని మీద పరుగులు తీస్తున్నారు. మార్తమ్మ వంగి అరచేయి ఆనించింది.

"గట్టి రాయి. పొరలు లేవు. మన రాయి మాదిరి విడిపోదు" అంది. లాల్‌బాగ్‌లో అది పూలేమీ చూడలేదు.

శుక్రవారం మిగతావాళ్ళను పూల మార్కెట్టుకు పంపి, ఏడున్నరకు నేనూ మార్తమ్మా ఆటో ఎక్కాం. ఇంత పెద్ద ఊళ్ళో చిరునామా లేకుండా గోడను వెతకబోతున్నామని శాంసన్ గారికి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఏసోబు చెప్పిన ఆనవాళ్ళు నాలుగు: ఊరి ఉత్తరం పక్క రైలు గేటు, గేటు దాటగానే సినిమా హాలు, హాలుకు ఎదురుగా నాలుగంతస్తుల హోటలు, బోర్డు మీద నెమలి బొమ్మ. మా రూట్లో ఇన్ని ఆనవాళ్ళుంటే చాలు, కళ్ళు మూసుకుని దింపేవాణ్ణి. స్టేజీ అంటే కదలని చోటని నా నమ్మకం.

ఆటో అతను తెలుగు బాగానే మాట్లాడాడు. "గేట్ ఇప్పుడెక్కడుంది సార్? అన్నీ ఫ్లైఓవర్లే" అన్నాడు. ఒక ఫ్లైఓవర్ కింద, మరో ఫ్లైఓవర్ కింద, మొత్తం నాలుగు చోట్ల దిగాం. పలకరాయి గోడ కనిపించిన ప్రతి చోటా మార్తమ్మ ఆటో ఆపించింది. బొటనవేలితో రాయి అంచు తడిమి చూసేది. "ఇది కడప రాయి." ఇంకోచోట, "ఇది మన రాయే గానీ ఆయప్ప చెయ్యి గాదు. సందులు చూడు, ఎంత వెడల్పు." సెక్యూరిటీవాళ్ళు అనుమానంగా చూసేవాళ్ళు. నేను ప్రతి ఒక్కరికీ నవ్వుతూ నమస్కారం పెట్టేవాణ్ణి. మధ్యలో నిలబడే ఇడ్లీ తిన్నాం. ఎండ నెత్తికెక్కింది. ఇక చాలించుదాం అని రెండుసార్లు అన్నాను, సిగ్గుతో చెబుతున్నాను.

పదకొండవుతుండగా నెమలి బొమ్మ కనిపించింది. సినిమా హాలు ఉన్నచోట పెద్ద మాల్ కట్టారు. గేటు లేదు. హోటలు మాత్రం ఉంది. కానీ ముందు గోడ అంతా నీలం అద్దాలు. మార్తమ్మ రోడ్డు దాటి వెళ్ళి అద్దం ముందు నిలబడింది. అందులో దాని మొహమూ, వెనక నేనూ, ఆటోలూ కనిపించాయి, అంతే.

గేటు దగ్గరి వాచ్‌మన్ మా మాట విని దగ్గరికొచ్చాడు. "ఏ ఊరన్నా మీది?" అన్నాడు. అతనిది మా వైపే, దర్శి. విషయం చెప్పాను.

"అయ్యో, ఆ రాళ్ళు పీకేసినారన్నా. నాలుగైదేండ్లయింటది. పగిలినయ్యి ట్రాక్టరుకేసి తోలినారు. మంచియ్యి ఎనకాల వంటింటి దోవలో పరిచినారు, బురద లేకుండా. రాండక్కా, చూపిస్తా."

హోటలు పక్క సందులోంచి వెనక్కి వెళ్ళాం. వంటింటి తలుపు నుంచి నీళ్ళ తొట్టి దాకా ముప్పై అడుగుల దోవ. ఆకుపచ్చ రాళ్ళు జిడ్డు పట్టి నల్లబడ్డాయి. ఇద్దరు ఆడవాళ్ళు కుళాయి దగ్గర అంట్లు తోముతున్నారు. నేల మొత్తం తడి. కళ్ళతో చూస్తే అన్ని రాళ్ళూ ఒకటే. మార్తమ్మ చెప్పులు విప్పింది. ఒక్కో రాయి మీద పాదం పెట్టి, అరికాలితో రుద్ది చూస్తూ, నెమ్మదిగా నడవడం మొదలుపెట్టింది. అంట్లు తోమేవాళ్ళు చేతులు ఆపేశారు. కుళాయి దాకా వెళ్ళి ఆగింది. కూర్చుని, సాంబారు గిన్నె ఒకటి పక్కకు జరిపి, దాని కింది రాయి మీద అరచేయి వేసింది.

"ఇదే" అంది.

నేనూ వేసి చూశాను. చుట్టూ గరుకు, అది మాత్రం నున్నగా ఉంది. సరిగ్గా బడి పలకంత.

మార్తమ్మ ఏడవలేదు.  రాయి మీది చెయ్యి తియ్యకుండానే, "పెండ్లిబట్టల్తో పిల్లని ఈడికి ఎట్ల తెచ్చేదన్నా? వియ్యాలోళ్ళు ఏమనుకుంటారు? మొగుడి గోడ, మొగుడి గోడ అని చెప్పుకుంటి, అంట్లు తోమే కాడ ఉండె" అంది.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. "దొరకలేదని చెబుదాంలే." ఆ మాట నాదే. మార్తమ్మది కాదు. మా ఇంటి మనిషి పని పదిమంది కాళ్ళ కింద ఉందని కొత్త చుట్టాలకు చెప్పుకోవడానికి నాకు నామోషీ అనిపించింది. వాచ్‌మన్ నా ఫోను నంబరు తీసుకున్నాడు, ఊరివాళ్ళం కదా అని.

సాయంత్రం అందరితో కలిసి విధాన సౌధ చూశాం. బయటి నుంచే చూడాలి, రోడ్డవతల నిలబడితే ఫోటో బాగా వస్తుంది. పక్కనే కబ్బన్ పార్కు, చెట్ల కింద చల్లగా ఉంటుంది. పట్టీలో రాసినట్టే అన్నీ ఉన్నాయి. నాకే ఏదీ రుచించలేదు.

శనివారం పదిన్నరకు పెళ్ళి. తండ్రి చోటులో మేనమామగా సునీత చేయి పట్టుకుని చర్చిలో నడిపించుకుంటూ వెళ్ళింది నేనే. తెల్లచీర, తలమీద ముసుగు. సగం దూరం నడిచాక తల తిప్పకుండా, "మామా, నాయన గోడ దొరికిందా?" అని గొణిగింది.

"ముందు పెండ్లి కానీ" అన్నాను.

కన్యాదానం ఎవరు చేస్తున్నారని పాస్టరు గారు అడిగినప్పుడు నేను జవాబు చెప్పాలి. చెప్పాను. చెప్పేటప్పుడు సునీత వైపు చూడలేదు. కన్నీళ్ళు దాచుకుంటున్నానని అనుకున్నారందరూ.

భోజనాలయ్యేసరికి రెండయింది. కొత్త జంటను కబ్బన్ పార్కుకు తీసుకుపోయి ఫోటోలు తీస్తానని ఫోటోగ్రాఫరు తొందర పెడుతున్నాడు. సునీత తల్లి దగ్గరికి వచ్చి అదే ప్రశ్న అడిగింది. శాంసన్ గారూ, ఆయన భార్యా అక్కడే ఉన్నారు. మార్తమ్మ నా వైపు చూసి, "దొరకలేదమ్మా" అంది.

 సునీత సరేనని తలూపింది. ఆ ఊపడం చూసి నేనిక తట్టుకోలేకపోయాను.

"దొరికింది" అన్నాను. "గోడ లేదు. పీకేసి నేలమీద పరిచినారు. మీ నాయన గుర్తు రాయి ఉంది. హోటలు ఎనక, అంట్లు తోమే కాడ. చెప్పబాకమని నేనే అంటి."

 ఏ గోడ అని ప్రవీణ్ అడిగితే సునీత రెండు మాటల్లో చెప్పింది. శాంసన్ గారు నా వైపు తిరిగి, "బావగారూ, ఎంత దూరం?" అన్నారు.

"అరగంట."

ఆయన డ్రైవరును కేకేశారు.

మూడున్నరకు చేరాం. వాచ్‌మన్ పెళ్ళికూతుర్ని చూసి లోపలికి పరుగెత్తాడు. మేం వెళ్ళేసరికి అంట్లు తోమే ఆడవాళ్ళు గిన్నెలన్నీ ఎత్తి గట్టు మీద పెట్టేశారు. బకెట్లతో నీళ్ళు కొట్టి దోవంతా కడిగేశారు. ఆ రాయి మీద జిడ్డు పోయేదాకా ఒకామె పీచుతో రుద్దుతోంది. రాయి అసలు రంగు బయటపడింది, లేత ఆకుపచ్చ. శాంసన్ గారు దోవ మొదట్లోనే బూట్లు విప్పారు. ఆయన్ని చూసి ప్రవీణ్ విప్పాడు. ఫోటోగ్రాఫరూ విప్పాడు.

సునీత రాయి ముందు కూర్చుంది. చీర తడుస్తుందని ఎవరో అన్నారు, వినలేదు. చీర చెంగుతోనే రాయి తుడిచింది. ఎండకు నిమిషంలో ఆరింది. మార్తమ్మ కొంగు ముడి విప్పి, బలపం తీసి, సగానికి విరిచి ఒక ముక్క కూతురి చేతిలో పెట్టింది. ఏం రాయమని చెప్పలేదు. సునీత అడగలేదు. ఒకటో తరగతి పిల్ల రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. మా బావకు చదవడం వచ్చిన మాట అదొక్కటే.

అప్పుడు ఏడ్చింది మార్తమ్మ. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికి గడియారం చూడలేదు.

ఫోటో తీశారు. తెల్లచీర అంచు తడిసి, పెళ్ళికూతురు గొంతుక్కూర్చుని ఉన్న ఫోటో. పక్కన తల్లి. వెనక కుళాయి, గట్టు మీద సాంబారు గిన్నెలు. ఆల్బమ్‌లో మొదటి పేజీకి అదే కావాలని శాంసన్ గారు చెప్పారట.

ఆదివారం మధ్యాహ్నం ఒకటీ నలభైకి తిరుగు బండి. శాంసన్ గారు దారికి పెరుగన్నం పొట్లాలు కట్టించి ఇచ్చారు. ప్యాలెస్, టిప్పు మహలు మేం చూడలేదు. చూసినవాళ్ళు బాగున్నాయన్నారు, వెళ్ళేవాళ్ళు చూసి రావచ్చు. లాల్‌బాగ్ పొద్దున్నే పోతే మేలు. కానీ మా వైపు నుంచి బెంగళూరుకు పెళ్ళిళ్ళకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంకొకటుంది. ఆ ఊళ్ళో ఏదో ఒక గోడలోనో, స్లాబులోనో, కాళ్ళ కింది నేలలోనో మీ ఇంటి మనిషి చెయ్యి ఉండే ఉంటుంది. బయలుదేరే ముందు ఆనవాళ్ళు అడిగి రాసుకోండి. దొరికిన చోటు ఎట్లాంటిదైనా దాచబాకండి. ఒక రోజు దాచిన నా అనుభవంతో చెబుతున్నాను.

నాలుగు దాటాక హిందూపురంలో బండి ఆగింది. ఫోను మోగింది. దర్శి వాచ్‌మన్. స్పీకరు పెట్టాను.

"అన్నా, ఇయ్యాల అంట్లు తోమేటోళ్ళెవరూ ఆడ గిన్నె పెట్టలేదు. పక్కకి జరిగి తోముకున్నారు. కానీ రాత్రి ఈడ వాన పడింది. పేరు పోయిందన్నా." అతని గొంతులో తప్పు తనదే అన్నంత బాధ ఉంది.

 మార్తమ్మ ఫోను దగ్గరికి వంగింది.

"పోతే పోనీలే నాయనా" అంది. "అప్పటికే ఆయప్ప చదువుకొనుంటాడు."

కొంగు ముడి విప్పి, మిగిలిన బలపం ముక్క నోట్లో వేసుకుని కిటికీ వైపు తిరిగింది. ఈసారి నేను కసరలేదు.